బోడిగుట్ట మీద మళ్ళీ అడవి రావాలంటే: కాపలానా, విత్తనమా, నర్సరీ మొక్కా, మియావాకీయా?

ఊరి పక్కన పది ఇరవై ఎకరాల గుట్ట. ఒకప్పుడు చిట్టడవి. ఇప్పుడు తంగేడు పొదలు, లాంటానా అనే కలుపు పొద, నరికిన మొదళ్ళు, మధ్యలో మేకలు నడిచే బాటలు. పంచాయతీ తీర్మానం చేసింది, ఎవరో కొంత విరాళం ఇస్తామన్నారు, జూన్ దగ్గర పడుతోంది. ఒకాయన నర్సరీ మొక్కలు తెప్పిద్దామంటాడు. బడి మాస్టారు విత్తన బంతులు, అంటే గింజలు కలిపిన మట్టి ఉండలు, చేయిద్దామంటారు. పట్నం నుంచి వచ్చినాయన మియావాకీ అంటాడు, అంటే నేల తవ్వి మొక్కలు బాగా ఒత్తుగా నాటే జపాన్ పద్ధతి. ఊరి పెద్దమనిషి మాత్రం "మేకల్ని ఆపండి, అదే వస్తుంది" అంటాడు.

నలుగురి మాటలోనూ నిజముంది. కాకపోతే ఒక్కొక్కరి మాట ఒక్కో రకం నేలకు సరిపోతుంది. తెలంగాణ, రాయలసీమ, ఆంధ్ర మెట్ట ప్రాంతాల్లోని ఆకురాల్చే ఎండు అడవి నేలలను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక చేస్తున్నాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు సాల్ అడవులకు, తీరంలోని మడ అడవులకు ఈ లెక్కలు వర్తించవు.

ఒక హెచ్చరిక. ఆ గుట్ట రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా గుంత కూడా తవ్వకూడదు. పోరంబోకు, బంచరాయి అయితే పంచాయతీ తీర్మానంతో పాటు అక్కడ పశువులు మేపుకునేవాళ్ళ ఒప్పుదల కూడా కావాలి. రెండోది కాగితం మీద కనబడదు గానీ పని నిలిచేది దాని మీదే.

ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

*నేల కింద ఏం బతికి ఉంది?* అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది, ఎక్కువ మంది అడగనిది కూడా ఇదే. మోదుగ, తునికి, చిరుమాను, టేకు, సోమి లాంటి చెట్లను నరికినా, మేకలు ఏటా కొరికేసినా వేరు మాత్రం చావదు. పైకి మోకాలెత్తు పొదలా కనబడేది నిజానికి చాలా ఏళ్ళ వయసున్న వేరు కావచ్చు. నర్సరీ నుంచి తెచ్చిన ఏడాది మొక్క వేరు దానికి ఏ విధంగానూ సాటి రాదు.

లెక్క ఇలా తీయండి. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో, ఆకు నిండుగా ఉన్నప్పుడు, గుట్ట మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుతో తాడుతో చదరం వేయండి. అలాంటివి పది వేయాలి: కొన్ని పైన, కొన్ని వాలులో, కొన్ని కింద. బాట పక్కన సులువుగా ఉన్నచోట మాత్రమే వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే ముందే మ్యాపు మీద చుక్కలు పెట్టుకుని, అవి ఎక్కడ పడితే అక్కడికే వెళ్ళాలి. ప్రతి చదరంలో జానెడుకు మించి ఎత్తున్న చెట్టు జాతి మొలకలు, పిలకలున్న మొదళ్ళు లెక్కించండి. ఒకే మొదలు నుంచి పది పిలకలు వచ్చినా అది ఒకటే. తంగేడు, లాంటానా లెక్కలోకి రావు.

ఆ చదరం ఎకరంలో దాదాపు నలభయ్యో వంతు. కాబట్టి చదరానికి సగటున 2 వస్తే ఎకరాకు 80 అన్నమాట. 7 లేదా 8 వస్తే ఎకరాకు 300 దాకా ఉన్నట్టు. ఎకరాకు 80 కన్నా తక్కువైతే కాపలా ఒక్కటే చాలదు. 300 దగ్గరికి వస్తే మొక్కలు కొనడం డబ్బు దండగ. మధ్యలో ఉంటే రెండూ కలపాలి.

*నేల ఎంత లోతు?* గడ్డపార పట్టుకుని పది చోట్ల గుచ్చి చూడండి. అడుగు లోపే రాయి తగిలే చోట 45 సెం.మీ. గుంత కాగితం మీదే ఉంటుంది. అలాంటి చోట రాళ్ళ సందుల్లో తనంతట తాను మొలిచేదే నిలబడుతుంది.

*మేకలు, నిప్పు.* ఈ రెంటికీ జవాబు లేకపోతే నాలుగు పద్ధతుల్లో ఏదీ పనిచేయదు. దీని మీద బేరం లేదు.

*నీళ్ళు.* జనవరి నుంచి మే దాకా ట్యాంకరు గుట్ట పైదాకా ఎక్కగలదా? ఎవరు డబ్బు కడతారు? మొదటి ఏడాది కాదు, రెండో ఏడాది సంగతి అడగండి.

*ఎవరికి, ఎప్పటికి చూపించాలి?* మొహమాటం లేకుండా మాట్లాడుకోవాల్సిన విషయమిది. ఆరు నెలల్లో ఫోటో కావాలనుకునే దాతకూ, పదేళ్ళలో పక్షులు తిరిగి రావాలనుకునే ఊరికీ ఒకే పద్ధతి సరిపోదు.

ఒక చూపులో

| | కాపలా, పిలకల సంరక్షణ | నేరుగా విత్తనం | నర్సరీ మొక్కలు | మియావాకీ |
|---|---|---|---|---|
| ఎకరాకు ఎన్ని | ఉన్నవే, ఖాళీల్లో మరో 40–60 | 400–500 చోట్ల, చోటుకు 3–4 గింజలు | 3×3 మీటర్లకు సుమారు 450 | 4,000 నుంచి 12,000 పైన |
| నీళ్ళు | అక్కర్లేదు | అక్కర్లేదు, వాన మీదే ఆధారం | పదిహేను రోజులకో ట్యాంకరు | రోజూ, 2–3 ఏళ్ళు |
| ఖర్చు ఎక్కడ | కాపలా మనిషి, నిప్పు గీత (నిప్పు పాకకుండా గడ్డి గీకిన పట్టీ) | గింజ సేకరణ, కూలీ | గుంతలు, మొక్కలు, నీళ్ళు | తవ్వకం, ఎరువు, మొక్కలు, నీళ్ళు |
| కంటికి కనబడేది | రెండో వానకాలం నుంచి | మూడేళ్ళ దాకా గడ్డిలో కలిసిపోతుంది | మొదటి రోజు నుంచి | ఏడాదిలో గుబురు |
| ఎక్కువగా చెడేది | నిప్పు, లాంటానా | చీమలు, ఎలుకలు, వాన మధ్య ఎండ | మొదటి వేసవి | నీళ్ళు ఆగిన రోజు |
| సరిపోయే విస్తీర్ణం | ఎంతైనా | 1–20 ఎకరాలు | 1–10 ఎకరాలు | అర ఎకరం లోపు |

కాపలా, పిలకల సంరక్షణ

చవకైన పద్ధతి. అందుకే ఎవరికీ ఆనదు. ప్రారంభోత్సవానికి పనికొచ్చే గుంత ఒక్కటీ ఉండదు కదా.

చేయాల్సినవి ఇవి. పశువులను ఆపాలి, కానీ గుట్ట మొత్తాన్ని ఒకేసారి మూసేస్తే గొల్లవాళ్ళతో గొడవే. మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను నాలుగైదేళ్ళు మూసి, మిగతా రెంటిలో మేపుకోనివ్వండి. మేక వెనక కాళ్ళ మీద నిలబడి మనిషెత్తు కొమ్మను కూడా అందుకుంటుంది. పిలకల చివర్లు రెండు మీటర్లు దాటాకే ఆ ముక్క తెరవాలి. మూసిన ముక్కలో గడ్డిని కోసుకుపోవడానికి అనుమతివ్వండి. అది వాళ్ళకు మేత, మీకు నిప్పుకు అందే కసువు తగ్గడం.

కందకం తవ్వితే ఆవులు ఆగుతాయి, మేకలు ఆగవు. తీసిన మట్టి గట్టు మీద ముళ్ళకంప వేయాలి. సర్కారు తుమ్మ కంప సులువుగా దొరుకుతుంది. కాయలున్న కొమ్మలు మాత్రం వద్దు. ఆ కాయలు రాలి, మేకలు తిని, పెంటికల్లో గింజలు చెక్కుచెదరకుండా గుట్టంతా పడతాయి. కంచె కోసం తెచ్చిందే కొత్త కలుపవుతుంది.

పిలకల పని జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఒక మొదలు చుట్టూ ఎనిమిది పది పిలకలుంటే బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి పదునైన కత్తితో నేలకు ఆనించి ఏటవాలుగా కోయాలి. ఏవి ఉంచాలన్నదే అసలు నేర్పు. నరికిన మొద్దు పైభాగాన, బెరడు అంచు నుంచి వచ్చిన పిలక నిటారుగా, అందంగా కనబడుతుంది. కానీ మొద్దు కుళ్ళినప్పుడు గాలికి విరిగేది అదే. నేల మట్టానికి దగ్గరగా, కాస్త వంకరగా వచ్చిన పిలక తన సొంత వేళ్ళు దించుకుంటుంది. దాన్ని ఉంచండి. పదును లేని కత్తితో నలిపినట్టు కోస్తే బెరడు చీలి చెదలు పడతాయి. తర్వాత పిలక చుట్టూ మీటరు మేర గడ్డి తీసి ఆ గడ్డినే అక్కడ పరచాలి.

లాంటానా ఉంటే పైపైన నరకవద్దు, రెట్టింపు గుబురుగా వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఉంది: కాండం, వేరు కలిసే భాగానికి కింద, నేలలో 3–5 సెం.మీ. లోతున తల్లివేరును నరికి, పొదను తలకిందులుగా పడేయడం. చిగురు వేసే భాగం వేరు నుంచి విడిపోతుంది కాబట్టి మళ్ళీ లేవదు. పూత, కాయ రాకముందే చేయాలి. పిట్టలు తెచ్చే గింజలతో మళ్ళీ మొలకలు వస్తాయి. వరసగా మూడు వానకాలాలు పీకాల్సిందే. ఒక్క ఏడాది పీకి ఆపేసే పనైతే మొదలుపెట్టకపోవడం మేలు. ఖాళీ అయిన నేల మీద అదే మరింత ఒత్తుగా కమ్ముతుంది. పది ఎకరాలు ఒకేసారి బోడి చేయకుండా ఎకరం, రెండెకరాల చొప్పున ముందుకు వెళ్ళండి.

ఇక నిప్పు. మేత ఆగిన గుట్ట మీద గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఫిబ్రవరికి ఎండుతుంది. ఒక్క బీడీ ముక్కతో రెండేళ్ళ పని బూడిద. అందుకే జనవరి ముగిసేలోగా చుట్టూ, మధ్యలో అడ్డంగా మూడు నుంచి ఐదు మీటర్ల వెడల్పున గడ్డి గీకి నిప్పు గీత తీయాలి. ఇప్ప చెట్లున్న చోట మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు కాలానికి ముందు కొత్త చిగురు కోసం పొదలు కాల్చే అలవాటూ చాలా చోట్ల ఉంది. వాళ్ళను దొంగల్లా చూస్తే నిప్పు రాత్రిపూట పడుతుంది. ఇప్ప చెట్టు కింద పాత చీరలో వలలో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా శుభ్రంగా దొరుకుతుంది, కాల్చే పనే ఉండదు. నిప్పు గీత కూలీ కూడా వాళ్ళకే ఇవ్వండి.

ఈ పద్ధతిలో లోటు ఒకటే. నరికితే మళ్ళీ లేచే జాతులే వస్తాయి. మోదుగ, తునికి నిండిపోతాయి. ఏగిస, నల్లమద్ది, ఉసిరి లాంటివి విత్తన చెట్టు దగ్గర్లో లేకపోతే వాటంతటవి రావు. ఆ ఖాళీల్లో ఎకరాకు నలభై, అరవై మొక్కలు తెచ్చి నాటాలి. నర్సరీ అవసరం నిజంగా పడేది ఇక్కడే.

నేరుగా విత్తనం

విత్తన బంతుల సంగతి ముందు తేల్చేద్దాం. అయిదు పాళ్ళ ఎర్రమట్టి, మూడు పాళ్ళ చివికిన ఎరువు, ఒక పాలు విత్తనం కలిపి ఉండ చేసి నీడన ఆరబెడతారు. చేయడం సులువు, పిల్లలకు సరదా. చిక్కంతా విసిరిన తర్వాతే. గట్టి మొరం మీద పడిన ఉండ వానకు కరుగుతుంది, గింజ నేల పైనే మొలకెత్తుతుంది, లేత వేరుకు లోపలికి దిగే దారి దొరకదు. వారం రోజులు వాన ఆగితే అక్కడే ఎండిపోతుంది. చిన్న గింజలైతే ఒకే ఉండలో పది మొలిచి వాటిలో అవే కొట్టుకుంటాయి. బడి కార్యక్రమంగా చేయించండి, తప్పు లేదు. గుట్టను దాని మీద నమ్మి వదిలేయకండి.

అదే గింజను చేత్తో నాటితే కథ వేరు. రెండో మంచి వాన తర్వాత గడ్డపార మొనతో చిన్న గాడి చేసి, గింజ మందానికి రెండు మూడింతల లోతున మూడు నాలుగు గింజలు వేసి, మట్టి కప్పి అరికాలితో అదమాలి. చోటు ఎంపిక చాలా ముఖ్యం. బయలులో వద్దు. రేగు, కలివి, బలుసు లాంటి ముళ్ళ పొదల మొదట్లో వేయండి. మేక మూతి అక్కడికి అందదు, మధ్యాహ్నపు ఎండ తగలదు, రాలిన ఆకు వల్ల తేమ నిలుస్తుంది. అడవి తనంతట తాను తిరిగొచ్చే తీరును గమనిస్తే, పెద్ద చెట్ల మొలకలు తరచూ ఇలాంటి పొదల నీడలోనే కనబడతాయి. గుట్ట శుభ్రం చేస్తున్నామని ఈ పొదలను నరికించే వాళ్ళున్నారు. అంతకన్నా నష్టం ఇంకొకటి లేదు.

గింజల స్వభావం తెలియకుండా ఈ పద్ధతిలోకి దిగకూడదు.

| చెట్టు | గింజ దొరికేది | వేసే ముందు | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|---|
| వేప | జూన్–జూలై | గుజ్జు కడిగి నీడన ఆరబెట్టాలి | కొద్ది వారాల్లో మొలకశక్తి పోతుంది, నిల్వ పనికిరాదు |
| మోదుగ | మే–జూన్ | ఏమీ అక్కర్లేదు | కాయకు ఒకటే గింజ, ఆ ఏడాదే వేయాలి |
| కానుగ | వేసవి | కాయ పగలగొట్టి గింజ తీయాలి | వాగు పక్కన, లోతైన నేలలో |
| రేల | వేసవి | పెంకు ఒక పక్క గీరి, ఒక రోజు నీళ్ళలో నానబెట్టాలి | గీరకుండా వేస్తే చాలా కాలం మొలకెత్తదు |
| చిరుమాను | డిసెంబరు–మార్చి | గింజ వేయవద్దు | గింజల్లో ఎక్కువ భాగం తాలు, పిలకలనే నమ్ముకోవాలి |

వేప గింజలు గోనె సంచిలో కట్టి వచ్చే ఏడాది విత్తన బంతులకు దాచిపెట్టారంటే ఆ సంచిలో ఉన్నవి చచ్చిన గింజలే.

సేకరణలోనూ పద్ధతి ఉంది. ఒకే పెద్ద చెట్టు కింద బస్తా నింపుకుంటే ఆ గుట్ట మీద లేచేవన్నీ ఒక తల్లి పిల్లలే. ఒక తెగులు వస్తే అన్నిటికీ వస్తుంది. జాతికి ఇరవై ముప్పై చెట్ల నుంచి, ఒకదానికొకటి కనీసం యాభై అరవై మీటర్ల దూరంలో ఉన్నవాటి నుంచి కొద్దికొద్దిగా తీసుకోండి. ఏ చెట్టు మీదా కాయలో అయిదో వంతుకు మించి కోయవద్దు. మిగతాది పిట్టలది, కోతులది, ఆ అడవిది.

నర్సరీ మొక్కలు

వేర్లు మిగలని నేలకు ఇదే దారి. క్వారీ చెత్త పోసిన చోటు, దున్ని వదిలేసిన చోటు, సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పెకలించిన చోటు ఇలాంటివే.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోకండి. చిన్న సంచిలో నాలుగడుగుల మొక్క ఉందంటే వేరు సంచి అడుగున చుట్టలు తిరిగి ఉంటుంది. ఒక్క సంచి చింపించి చూడండి. నర్సరీ వాళ్ళు ఒప్పుకోకపోతే దాని ధర కట్టి మరీ చింపండి. తల్లివేరు అడుగున ఉంగరంలా చుట్టుకుని ఉంటే ఆ లాటు వద్దు. నాటిన రెండు మూడేళ్ళు బాగానే పెరిగినట్టుంటుంది, ఆ తర్వాత గాలివానకు వేరు పట్టులేక ఒరిగిపోతుంది. 6×9 అంగుళాల సంచిలో తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు, రెండు మూడడుగుల ఎత్తు, పెన్సిలంత మొదలు ఉంటే చాలు. నాటడానికి నెల ముందు నుంచి నీడ తీసి, నీళ్ళు తగ్గించి ఎండకు అలవాటు చేసిన మొక్కలే కావాలని అడగండి.

గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే 45×45×45 సెం.మీ. తీసి ఎండకు వదలాలి. పై మట్టి ఒక పక్క, కింద మొరం ఇంకో పక్క పోయాలి. నింపేటప్పుడు పై మట్టి అడుగుకు వెళ్ళాలి. ఎరువు వేస్తే బాగా చివికినదే వేయండి, పచ్చి పేడ చెదలను పిలుస్తుంది. రెండు మంచి వానలు పడి నేల జానెడు లోతు తడిశాక నాటండి. తెలంగాణలో జూలై ఆఖరుకు ముగించాలి. అనంతపురం వైపు ఏడాది వాన సగటున 550 మి.మీ. దగ్గరే, అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ. అక్కడ క్యాలెండరు చూసి కాక మబ్బు చూసి నాటాలి. సంచిని రెండు పక్కలా బ్లేడుతో కోసి పూర్తిగా తీసేయాలి. అడుగున చుట్టుకున్న వేరు కొన ఒక సెంటీమీటరు కత్తిరించాలి. వాలుకు దిగువ పక్క అర్ధచంద్రాకారంలో మీటరు గట్టు వేసి, మొక్క చుట్టూ రాళ్ళు పేర్చాలి. గుట్ట మీద రాళ్ళకు కొదవ లేదు, తేమ పట్టడానికి అంతకన్నా చవకైనది దొరకదు.

చచ్చేది వానకాలంలో కాదు, మార్చి నుంచి మే మధ్యలో. ఎకరాకు 450 మొక్కలు, ఒక్కోదానికి 10 లీటర్లంటే ఒక తడికి 4,500 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకరు. జనవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి పోస్తే పది ట్యాంకర్లు. పది ఎకరాలకు వంద. ఈ లెక్క వేసుకోకుండా పది ఎకరాలు నాటేకన్నా రెండెకరాలు నాటి బతికించడం నయం.

మియావాకీ

జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకీ (1928–2021) రూపొందించిన పద్ధతి. మీటరు దాకా నేల తవ్వి, ఎరువు, ఊక కలిపి, చదరపు మీటరుకు మూడు నుంచి అయిదు మొక్కలు నాటి, గడ్డి దట్టంగా పరిచి, రెండు మూడేళ్ళు నీళ్ళు పోసి వదిలేస్తారు. మొక్కలు వెలుగు కోసం పోటీపడి పైకి లేస్తాయి. తెలంగాణలో దీన్నే కాస్త పలచన చేసి, ఎకరాకు దాదాపు 4,000 మొక్కలతో యాదాద్రి నమూనా పేరిట అటవీ శాఖ అమలు చేసింది.

బడి ఆవరణ, అపార్ట్‌మెంటు మూల, ఫ్యాక్టరీ గోడ వెంట పది సెంట్లు ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. దుమ్ము ఆపుతుంది, పిట్టలొస్తాయి, పిల్లలకు చెట్ల పేర్లు నేర్పొచ్చు. గుట్టకు మాత్రం వద్దు. కారణాలు మూడు. యంత్రంతో తవ్వితే కింద బతికున్న వేర్లన్నీ పోతాయి, ఒక్క పెద్ద వానకు వదులైన మట్టి వాగులో కలుస్తుంది. చదరపు మీటరుకు రోజుకు నాలుగు లీటర్లనుకున్నా ఎకరానికి 16,000 లీటర్లు, మూడు ట్యాంకర్ల పైన, అదీ ప్రతి రోజూ. ఇక మూడోది: మన ఎండు అడవి సహజంగా అంత ఒత్తుగా ఉండదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య వెలుగు పడి గడ్డి, దుంప మొక్కలు, పొదలు పెరుగుతాయి. ఆ గడ్డి మీద బతికే పురుగులు, పిట్టలు గుబురులో ఉండవు. కాంట్రాక్టర్లు ఇచ్చే "నలభై స్థానిక జాతుల" జాబితా ఒకసారి చదివి చూడండి, సపోటా, తురాయి కూడా అందులో కనబడతాయి.

చెట్లు అసలు నాటకూడని నేల

గుట్ట మీద ఒక్క మొదలూ లేదు, చదరాల్లో చెట్టు మొలక ఒక్కటీ దొరకలేదు, కానీ బోదగడ్డి దుబ్బులు దుబ్బులుగా ఉంది, అప్పుడప్పుడు నేల మీద గూడు పెట్టే పిట్టలు లేస్తున్నాయి. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా "అది ఎప్పుడూ మేతబయలే" అంటారు. అలాంటప్పుడు అది పాడైన అడవి కాదు, బాగున్న గడ్డి భూమి. దాని మీద చెట్లు నాటితే ఉన్నది పోతుంది. కర్నూలు ప్రాంతంలో రోళ్ళపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. అది బతికేది బయలు గడ్డిలో, చెట్ల కింద కాదు. ఇలాంటి నేలకు చేయాల్సింది సర్కారు తుమ్మ పీకడం, మేతను వంతులవారీగా నడపడం. అంతవరకే.

ఏ జాతులు

మొక్కలు ఏ పద్ధతిలో వచ్చినా జాతి ఎంపిక నేలను బట్టి ఉండాలి. ఎర్ర మొరం గుట్టలకు సండ్ర, సోమి, తునికి, రేల, అందుగు, మోదుగ. వాగు ఒడ్డుకు తెల్లమద్ది, నేరేడు, మేడి, కానుగ. నల్లరేగడి పల్లానికి నల్లతుమ్మ, మోదుగ. శేషాచలం, వెలిగొండ, పాలకొండల వైపు గులకరాతి వాలుకు ఎర్రచందనం, జాలారి. ఎర్రచందనం మన చెట్టే కదా అని ఆదిలాబాద్ గుట్ట మీద నాటితే అది అక్కడి అడవి కాదు, తోట. స్థానికం అంటే రాష్ట్రం కాదు, ఆ గుట్టకు ముప్పై నలభై కిలోమీటర్ల లోపు అడవిలో తనంతట తాను పెరుగుతున్నది అని లెక్క పెట్టుకోండి.

ఉచితంగా వస్తున్నాయని సుబాబుల్, గ్లైరిసిడియా, కోనోకార్పస్, ఆస్ట్రేలియా తుమ్మ తీసుకోకండి. తిరుమల కొండల పేరిత, శేషాచలంలోని తంబజాలారి లాంటి అరుదైనవి ఔత్సాహికులు తెచ్చి నాటే జాతులు కావు. వాటికి వాటి చోటే రక్ష. ఎక్కడైనా కొత్తగా కనబడితే ఫోటో, చోటు వివరం అటవీ శాఖకో హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ప్రాంతీయ కేంద్రానికో పంపండి. మొక్కను కదిలించకండి, చోటు ఎక్కడో బయట పెట్టకండి.

మీరు ఎవరైతే ఏది

పంచాయతీ, వన సంరక్షణ సమితి: ముందు లెక్క, తర్వాత కాపలా. చదరానికి రెండు వచ్చినా మొదటి ఏడాది ఒక్క మొక్క కొనకండి. ఆ డబ్బుతో ఇద్దరు కాపలా మనుషులు, నిప్పు గీత. రెండో ఏడాది ఏది రాలేదో చూసి అది నాటండి.

అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి సొంతూరి గుట్టకు డబ్బు పంపేవాళ్ళు: "ఎన్ని మొక్కలు నాటారు" అని అడిగితే ఎక్కువ నాటి చూపిస్తారు, బతికించి కాదు. అదే సొమ్మును అయిదు ముక్కలు చేసి ఏటా జూన్‌లో బతికున్న లెక్క చూశాక పంపండి. మొదటి ఫోటో కాస్త నిరాశగానే ఉంటుంది, అది మామూలే.

బడులు, అపార్ట్‌మెంట్లు: పది సెంట్ల లోపు అయితే మియావాకీయో, పలచగా రెండు మీటర్లకో మొక్కో. బోరు నమ్మకంగా లేకపోతే రెండోది.

రైతు గట్టు: నర్సరీ మొక్కకన్నా గట్టు మీద తనంతట మొలిచిన వేప, సండ్ర, జమ్మిని దున్నేటప్పుడు కొట్టేయకుండా ముళ్ళకంపతో కాపాడటం తక్కువ పని. పొలానికి నీడ ఎక్కువవుతుందనుకుంటే కింది కొమ్మలు ఏటా కోసుకోవచ్చు.

వృక్ష శాస్త్రం చదివే విద్యార్థులు, అధ్యాపకులు: మీ దగ్గర్లో ఎవరైనా గుట్ట పని మొదలుపెడుతుంటే పావు ఎకరం ఏమీ చేయకుండా, కంచె మాత్రం వేసి వదిలేయమని అడగండి. మరో పావు ఎకరం కంచె కూడా లేకుండా. ఈ రెండూ లేకపోతే అయిదేళ్ళ తర్వాత పెరిగినదంతా నాటడం వల్లా, మేకలు ఆగడం వల్లా, వానలు బాగా పడటం వల్లా అని ఎవరూ చెప్పలేరు. చదరాల మూలల్లో ఇనుప రాడ్డో రాయో పాతి గుర్తు పెట్టండి. చెట్లయితే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత, మొక్కలైతే మొదలు దగ్గర మందం రాయండి. మనుషులు మారినా కొలత చోటు మారకూడదు.

లెక్క ఏడాదికి రెండుసార్లు: వానలు ఆగాక అక్టోబరులో, వేసవి దాటాక జూన్‌లో. అక్టోబరు లెక్క అందరికీ బాగుంటుంది, నమ్మాల్సింది జూన్ లెక్క. చచ్చినవాటి గుంతలు మ్యాపు మీద గుర్తించండి. అన్నీ ఒకే వాలులో, ఒకే రాతి పట్టీ మీద చచ్చి ఉంటే అక్కడ మళ్ళీ నాటవద్దు, నేల లోతు చాలదు. చెల్లాచెదురుగా చచ్చి ఉంటే మొక్కల నాణ్యతో, నీళ్ళ వంతో చూడాలి. మొదలు దగ్గర బెరడు గీరినట్టుంటే కుందేలో, మేకో. చివర్లు మాత్రమే తెగి ఉంటే మేకే. కంచె ఎక్కడ తెగిందో వెతికి, ఆ సందు మూశాకే కొత్త మొక్కకు గుంత తీయండి.